తోటకూరనాడే

ఆర్కన్సా డెల్టాలో, మరియానా ఊరి బయట,
గాజుపాకలో ట్రేలు వరసగా నా ముందు.
ఒకదానికి మందు లేదు.
ఒకదానికి డబ్బా మీద రాసినంత.
తర్వాత రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు,
చివరి ట్రేకు నేలకే వాంతి వచ్చేంత.
ఇరవై ఒకటో రోజు పొద్దున్నే లెక్క.
చచ్చినవి ఎడమ గడి, బతికినవి కుడి గడి.
కుడి గడిలోనే నా పెన్సిల్ అరిగిపోయింది.

విత్తనాలు తెచ్చినవాడు హార్లన్ టిబెట్స్.
కాఫీ డబ్బాలో తెచ్చాడు, మూతకు టేపు చుట్టి,
ఆస్పత్రికి మూత్రం తెచ్చినంత మొహమాటంగా.
నల్లటి నలుసులు, ఆవగింజ వీటి ముందు గుమ్మడికాయ.
ఒక్క ఆడమొక్క లక్షల్లో రాలుస్తుందని
నేను చెప్పలేదు, ఆయనకు తెలుసు.
"మీ భాషలో దీనికి పేరుందా?" అన్నాడు,
పిగ్‌వీడ్ అని రాసిన చీటీ చూపిస్తూ.

ఎర్ర కాడ. కోలాకు. ఆకుకంటే పొడుగు తొడిమ.
తుంచితే వచ్చే ఆ పచ్చి వాసన.
మంగళవారం సంతలో మా పిన్ని
రెండు కట్టలకు ఒకటి కొసరడిగే కూర.
దీని అక్కచెల్లెళ్ళను తిని పెరిగాను నేను.
"తోటకూర" అన్నాను.
"తోటా... కోరా..." అన్నాడు,
అదెవరో దూరపు చుట్టం పేరైనట్టు.

మధ్యాహ్నం పొలానికి వెళ్ళాం.
సోయా మోకాలెత్తు. దాని మీద ఇది, నా తలెత్తు.
నిన్న భుజం దగ్గరే ఉందన్నాడు. అంత ఉండదు కానీ
రోజుకు రెండంగుళాలు మాత్రం నిజం.
కాలవ అవతల పొరుగాయన సోయా ఆకులు
గిన్నెల్లా ముడుచుకున్నాయి.
హార్లన్ కొత్త మందు కొట్టిన రాత్రి గాలి అటు మళ్ళింది.
అప్పట్నుంచి చర్చిలో ఇద్దరికీ వేరు వేరు బెంచీలు.
పాత మందు ఏ తలుపుకు తాళం వేసేదో
ఆ తలుపును లోపల వందసార్లు కట్టుకుంది ఈ మొక్క.
మేం ఏం చేశాం?
తాళాన్ని పెద్దది చేశాం.

గట్టు మీద ఒడెస్సా ప్రూయిట్,
ఒళ్ళో దోకుడుపార, చేతిలో ఆకురాయి.
డెబ్బై తొమ్మిదేళ్ళు. ఏడో ఏటే పత్తిలో కలుపు తీసింది.
ఇప్పుడు గంటకింతని ముఠాను నడుపుతోంది.
డబ్బాలొచ్చాక గోడకెక్కిన పారలు
పిడులు మార్చుకుని మళ్ళీ దిగాయి.

ఊరుకోలేక కథ చెప్పాను.
ఉరి తీసే ముందు దొంగ తల్లిని పిలిచాడని,
చెవిలో మాట చెప్తా వంగమని, చెవి కొరికాడని.
"తోటకూరనాడే ఒక్క మాట అని ఉంటే
ఈ తాడు దాకా వచ్చేవాడినా అమ్మా?"

హార్లన్ తెలియకుండానే తన చెవి తడుముకున్నాడు.
ఒడెస్సా ఆకురాయి ఆపలేదు.
"నేను చెప్పాను" అంది.
"ఆ తూము పక్కన, ఒకే ఒక్కటి. పీకి కాల్చమన్నాను.
మీ నాన్న చెవిలో చెప్పాను, నీ చెవిలో చెప్పాను.
డబ్బా చూసుకుంటుందిలే అన్నారు."
తర్వాత నా వైపు తిరిగి,
"నీ కథలో తల్లి నోరు విప్పలేదు.
విప్పిన తల్లి ఎవరి చెవి కొరకాలమ్మాయ్?"

సామెతలో అంత దూరం ఎవరూ వెళ్ళలేదు.
నేనూ ఒక పార అందుకున్నాను.
మొదటిది చేతికి రాలేదు. ఆడది,
కంకి ముళ్ళు గ్లౌజు దాటి గుచ్చుకున్నాయి.
"కింద పడేయకు, మళ్ళీ వేరు పోస్తుంది,
సంచిలో వెయ్" అని వెనక నుంచి కేక.

చీకటి పడ్డాక గాజుపాకలో
మందు కొట్టని ట్రే ముందు నిలబడ్డాను.
ఎంత లేతగా ఉన్నాయో.
వెల్లుల్లి, ఎండుమిరప, ఇనప మూకుడు గుర్తొచ్చాయి.
రెండు వేళ్ళతో ఒకటి తుంచాను.
లెక్క తప్పకూడదు కదా,
చచ్చినవాటి పక్కన, బతికినవాటి పక్కన
మూడో గడి గీసి
ఒకటి అని రాశాను.